రెండు గళ్ళ తప్పు

మా కళాశాల గోడపత్రికలో కుడివైపు క్రింది మూల గత మూడు సంవత్సరాలుగా మా అధీనంలో ఉన్నది. పై భాగమంతా కవులది. ఎడమవైపు క్రీడావార్తలు, నడుమ ప్రిన్సిపాలుగారి ప్రకటనలు. ఎవరూ కోరని ఆ మూలలో, మంచినీళ్ళ కుండ దగ్గర నిలబడేవారికి మాత్రమే కనుపించే చోట, పదిహేను రోజులకు ఒకసారి ఒక గళ్ళ నుడికట్టు అతికిస్తూ వచ్చాము. మేమనగా నలుగురము. ఇద్దరము తెలుగు మాధ్యమంలోను, ఇద్దరము ఉర్దూ మాధ్యమంలోను చదివి వచ్చినవారము. తెలుగు లిపి తడుముకొంటూ చదివేవారు తెలుగు నుడికట్టు ఎట్లా కూర్చగలరని మమ్ములను అడిగినవారు చాలామంది. చెవితో కూర్చగలరు. కంటికి అలవాటైన మాటను కన్ను పట్టించుకోదు గాని, కొత్త చెవి దానిని ముక్కలు ముక్కలుగా వింటుంది. మా ఉత్తమమైన ఆధారాలలో సగం ఆ ఇద్దరి చెవులలో పుట్టినవే.

ఈ వ్యాసంలో మేము చేసిన ఒక తప్పును చెప్పుకోదలచాము. అయితే ఆ తప్పు రెండు గళ్ళ తప్పు. నుడికట్టు ఆధారం ఎట్లా నడుస్తుందో తెలియనివారికి అది తప్పుగానే తోచదు. కాబట్టి ముందు ఆ నడక చెప్పక తప్పదు.

మామూలు నుడికట్టులో ఆధారం సూటిగా ఉంటుంది. 'తీపి గడ' అని ఇచ్చి మూడు గళ్ళు చూపితే 'చెరకు' అని వ్రాసి ముందుకు పోతాము. గూఢమైన నుడికట్టులో అట్లా కాదు. అక్కడ ఆధారం రెండు ముఖాలతో ఉంటుంది. ఒక ముఖం మాట అర్థం చెబుతుంది, రెండవది ఆ మాట ఏ ముక్కలతో తయారైనదో చెబుతుంది. రెండూ కలిసి పైకి మాత్రం ఏదో మూడవ సంగతి చెబుతున్నట్లు నటిస్తాయి. మేము మొట్టమొదట అతికించిన నుడికట్టులో ఒక ఆధారం ఇది: 'జైలుకు తీపి గడ (3)'. చదివినవారికి ఎవరో ఖైదీలకు చెరకు గడలు పంపుతున్నట్లు తోస్తుంది. అసలు సంగతి వేరు. జైలు అంటే చెర. జైలుకు అంటే చెరకు. తీపి గడ కూడ చెరకే. రెండు దారులలో వచ్చి ఒకే ఇంట్లో దిగినట్లు అన్నమాట. అట్లా దిగినప్పుడు పరిష్కర్తకు కలిగే సంతోషం చెప్పనలవి కాదు. సమాధానం సరి అయినదో కాదో ఎవరినీ అడుగ నక్కరలేదు, మాటే చెప్పేస్తుంది.

ఆ మొదటి ఆధారానికే తగాదా వచ్చింది. బోధన్ వైపు నుంచి వచ్చే విద్యార్థులు మూకుమ్మడిగా వచ్చి, 'మా దిక్కు చెరుకు అంటరు, చెరకు అని ఎవ్వరనరు' అన్నారు. నిజమే. చెరకు పండించేవారే ఆ మాటను చెరుకు అంటున్నప్పుడు, ఎన్నడూ పొలం తొక్కని మేము నిఘంటువు చూపి వాదించడం ఏమి మర్యాద? చివరకు నిఘంటు రూపమే ప్రమాణమని ఒక నియమం వ్రాసి అతికించాము గాని, మా మనస్సులో మాత్రం వారిదే న్యాయమని ఉండిపోయింది. మాలో ఒకడు ఇంకొక మాట అన్నాడు. ఈ జిల్లాకు ఆ ఆధారంలోని రెండర్థాలూ చెందుతాయట. చెరకు సంగతి అందరికీ తెలిసినదే. చెర సంగతి ఇందూరు ఖిల్లా జైలు చెబుతుంది. నిజాం పాలన చివరి రోజులలో దాశరథి కృష్ణమాచార్యులను బంధించినది అక్కడే. జైలు గోడ మీద బొగ్గుతో పద్యం వ్రాశాడని మన ఊళ్ళో చిన్నపిల్లవాడు కూడ చెబుతాడు.

తెలుగు నుడికట్టుకు ఇంగ్లీషు నుడికట్టు చెప్పే సూత్రాలన్నీ పనికిరావని మాకు త్వరలోనే తెలిసింది. ఇంగ్లీషులో ఒక్కొక్క గడిలో ఒక్కొక్క వర్ణం. మనకు ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరం, అనగా గుణింతంతో, వత్తుతో సహా మొత్తం. అందువలన ఇంగ్లీషువారు మాటను చిందరవందర చేసి కొత్త మాట చేయడంలో చూపే విలాసం మనకు అంతగా సాగదు. దీర్ఘాలు, కొమ్ములు వెంట వచ్చి అడ్డుపడతాయి. ఆ కొరతను తీర్చడానికి మనకు వేరే సంపద ఉన్నది. అది సంధి, సమాసం, శ్లేష. 'కలలో దొరికిన వరం, అయినా కంగారే (4)' అంటే కల, వరం కలిసి కలవరం. 'తిరగబడిన కలపతో అక్షరాభ్యాసం (3)' అంటే పలక. కలపను వెనుకనుంచి చదివి చూడండి. చట్రమున్న పలక చేతబట్టి బడికి పోయినవారికి ఈ ఆధారం మరింత నచ్చుతుంది.

మన పట్టణం పేరు మీద ఒక ఆధారం కూర్చాము: 'చంద్రుని గ్రామమే మన పట్టణం (3)'. ఇందు, ఊరు కలిస్తే ఇందూరు. చరిత్రకారులు ఈ పేరుకు వేరే పుట్టుక చెబుతారు, మేము కాదనము. నుడికట్టు చరిత్ర పాఠం కాదు గదా. సమాధానం వివరిస్తూ దానిని సవర్ణదీర్ఘ సంధి అని వ్రాస్తే, మా తెలుగు అధ్యాపకులు ఆ దారిన పోతూ ఆగి, ఊరు తెలుగు మాట కాబట్టి ఇక్కడ ఉత్వ సంధి అని పెన్సిలుతో దిద్ది వెళ్ళారు. ఆ కాగితం మా వద్ద ఇంకా ఉన్నది.

బోధన్ కోసం కూర్చినది ఇంతకంటె చిక్కు: 'పాఠం చెప్పడం పొల్లయితే చక్కెర సీమ (3)'. పాఠం చెప్పడం బోధన. చివరి అక్షరానికి పొల్లు పెడితే బోధన్. పొల్లు అంటే గింజ లేని తాలు అని కూడ అర్థమున్నది కనుక, పైకి అది ఎవరో ఉపాధ్యాయుని శ్రమ వృథా అయినట్లు వినిపిస్తుంది. పొల్లుకు వేరే గడి ఇవ్వాలా, ముందరి అక్షరంతో కలపాలా అని వారం రోజులు చర్చ జరిగింది. వేరే గడి ఇవ్వాలని తీర్మానించాము. ఇప్పటికీ మాలో ఒకరికి అది సమ్మతం కాదు.

ఊళ్ళ పేర్లు చెబుతున్నాము గనుక ఒక మాట. బోధన్‌లో ఉన్న శక్కర్‌నగర్ పేరే ఒక నుడికట్టు ఆధారం వంటిది. శక్కర్ ఉర్దూ మాట, నగర్ సంస్కృతపు మాట, ఊరు తెలుగువారిది. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931 నాటికి నిజాంసాగర్ కట్టారు. నీళ్ళు వచ్చిన తరువాత చెరకు వచ్చింది. చెరకు వచ్చిన తరువాత 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదని దానికి పేరు. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటన వెలువడి ఆ గానుగ ఆగింది. ఈ సంగతి మళ్ళీ అవసరమవుతుంది.

ఇక ఉర్దూ వైపు. మేము మొదట ఈ విద్య పాశ్చాత్యులదని భ్రమపడి ఉన్నాము. మా ఉర్దూ మిత్రులు ఆ భ్రమ తొలగించారు. ఉర్దూ పత్రికలలో నుడికట్టుకు ముఅమ్మా అని పేరు. ఆ మాట పాతది. పారసీకంలో ఒక పేరును పద్యంలో దాచి, అక్షరాలను తీసివేస్తూ, చేరుస్తూ, తిరగవేస్తూ బయటకు లాగే ప్రక్రియను ముఅమ్మా అనేవారు. 15వ శతాబ్దపు మహాకవి జామీ దానిమీద లక్షణ గ్రంథాలే వ్రాశాడు. అమీర్ ఖుస్రో పేరున ప్రచారంలో ఉన్న ముక్రీలు ఇంకొక తమాషా. ఒక స్త్రీ చెలికత్తెతో ఎవరినో వర్ణిస్తుంది. వింటే భర్తను గురించే అనిపిస్తుంది. నీ మగనా అని చెలికత్తె అడిగితే, కాదని చెప్పి ఏదో వస్తువు పేరు చెబుతుంది. గూఢమైన ఆధారం చేసే పని సరిగ్గా అదే. వినేవాని మనస్సును ఒక దారిన పంపి తాను వేరొక దారిన ఇంటికి చేరుతుంది.

ఉర్దూ నుడికట్టులో గడికి ఒక వర్ణం, కుడినుంచి ఎడమకు నడక. హ్రస్వాచ్చులు వ్రాయరు కాబట్టి మాటలు సులువుగా తిరుగుతాయి. షామ్ అంటే సాయంకాలం. ఆ మూడు వర్ణాలు వెనుకకు చదివితే మాష్, అనగా మినుములు. రోమ్ నగరాన్ని తిరగవేస్తే మోర్, అనగా నెమలి. తెలుగులో షామ్‌ను తిరగవేస్తే నోరు తిరుగదు. చుక్కల వింత వేరే ఉన్నది. ఖుదా అనే మాటలో పైనున్న చుక్కను క్రిందికి దించితే జుదా అవుతుంది. దేవుడన్న మాట ఎడబాటు అయిపోతుంది. మహరమ్ అనగా ఆంతరంగికుడు. అందులో ఒక్క చుక్క అదనంగా పడితే ముజ్రిమ్, నేరస్థుడు. వ్రాతగాని చేయి ఒక్కసారి జారితే మనుష్యుని గతి అట్లా మారిపోతుందని మా మిత్రుడు నవ్వుతూ చెప్పాడు. తరువాత జరిగినది తలచుకొంటే ఆ నవ్వు ఇప్పుడు మాకు వేరే విధంగా వినిపిస్తున్నది.

అక్షరాలకు అంకెలు కట్టే పద్ధతి రెండు వైపులా ఉన్నది. అబ్జద్ లెక్కలో యా హాఫిజ్ అన్న పిలుపులోని అక్షరాలు కూడండి. యే పది, అలిఫ్ ఒకటి, హే ఎనిమిది, మళ్ళీ అలిఫ్ ఒకటి, ఫే ఎనభై, జోయ్ తొమ్మిది వందలు. మొత్తం సరిగ్గా 1000. చార్మినార్ కట్టిన హిజ్రీ సంవత్సరం అదేనని చెబుతారు, అది మన లెక్కలో 1591. కర్ణాటక సంగీతం తెలిసినవారికి కటపయాది సూత్రం గుర్తుకు రావాలి. ధీరశంకరాభరణంలో మొదటి రెండు అక్షరాలు తొమ్మిది, రెండు. తిరగవేస్తే 29వ మేళం. సంస్కృతంలో దండి తన కావ్యాదర్శంలో పదహారు రకాల ప్రహేళికలు చెప్పాడు. వాత్స్యాయనుడు అరువది నాలుగు కళలలో ప్రహేళికను చేర్చాడు. మన అవధానాలలో న్యస్తాక్షరి ఉన్నది. ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరమే పడాలని పృచ్ఛకుడు నిర్ణయిస్తాడు. నిలువు మాట ఒక అక్షరాన్ని ముందే బిగించినప్పుడు అడ్డం మాటకు కలిగే ఇరుకు అటువంటిదే. తెలుగులో శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్ళ నుడికట్టులు కూర్చారంటే ఆశ్చర్యమేమున్నది? మాటలతో చెలగాటమాడడం కవులకు పుట్టుకతో వచ్చిన వ్యసనం.

రెండు భాషల సరిహద్దు మీద మేము కూర్చిన ఆధారాలలో మాకు మిక్కిలి ఇష్టమైనది ఒకటి: 'ఉర్దూ రాత్రికి పొల్లు తొలగితే మన నుదుట (2)'. రాత్ అంటే రాత్రి. పొల్లు తీసివేస్తే రాత. ఈ ఆధారాన్ని ఒంటరిగా విప్పగలవారు మా కళాశాలలో తక్కువ. ఇద్దరు కలిస్తే సులువు. కుండ దగ్గర రెండు మాధ్యమాలవారు కలిసి నిలబడి వాదించుకోవడం మేము మొదటిసారి చూసినది ఆ వారమే.

గళ్ళలో అడ్డం నిలువుగా మాటలు కూర్చే పద్ధతి మాత్రం అవతలివారిదే. లివర్‌పూల్‌లో పుట్టి అమెరికాకు వలస పోయిన ఆర్థర్ విన్ అనే పత్రికా రచయిత 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో మొదటిది అచ్చువేశాడు. దానిని గూఢంగా మార్చినది ఇంగ్లండువారు. టార్క్విమాడా అనే మారుపేరుతో ఒకాయన 1926 నుంచి అబ్జర్వర్ పత్రికలో మహా కఠినమైనవి కూర్చాడు. ఆయన తరువాత గ్జిమినీజ్ అనే మారుపేరుతో ఒక పాఠశాల ఉపాధ్యాయుడు వచ్చి, కాఠిన్యం కంటె న్యాయం ముఖ్యమన్నాడు. 1966లో ఆయన ప్రకటించిన గ్రంథంలో నియమాలు వివరంగా ఉన్నవి. ఆధారంలో అర్థం ఉండాలి, మాట కట్టుబడి ఉండాలి, ఆ రెండూ కాక మరేమీ ఉండరాదు. పరిష్కర్తను మోసగించవచ్చు గాని అబద్ధం చెప్పరాదు. అంతకుముందే 1949లో ఆఫ్రిట్ అనే మరొక కూర్పరి కూడ ఇదే ధర్మం చెప్పాడు. మనస్సులో ఒకటి ఉంచుకొని పైకి మరొకటి తోపించవచ్చునట, కాని వ్రాసిన మాటలు మాత్రం సమాధానాన్ని ఖచ్చితంగా చెప్పి తీరాలట.

ఇక్కడ ఒక పిల్లకథ. టార్క్విమాడా, గ్జిమినీజ్ అనేవి స్పెయిను దేశపు మతవిచారణాధికారుల పేర్లు. పరిష్కర్తలను హింసించేవారము గదా అని హాస్యానికి పెట్టుకొన్నారు. ఆ రెండవ అసలు గ్జిమినీజే 1500 ప్రాంతంలో గ్రెనడాలో అరబ్బీ గ్రంథాలను రాశిపోసి తగులబెట్టించినవాడని మా ఉర్దూ మిత్రుడు చరిత్ర పుస్తకం తెచ్చి చూపాడు. ఆ నియమాలు బాగున్నవి గాని ఆ పేరు మాత్రం గోడ మీద వ్రాయవద్దన్నాడు. వ్రాయలేదు.

ఇప్పుడు తప్పు సంగతి.

గత సంవత్సరం వార్షికోత్సవానికి పెద్ద నుడికట్టు పెట్టదలచాము. కళాశాల కమిటీ పెద్దలు దయతో బహుమతి నిమిత్తం కొంత సొమ్ము మంజూరు చేశారు. దానితో ఒక మంచి తెలుగు నిఘంటువు కొన్నాము. పద్ధెనిమిది ఆధారాలు. ఊహించి వ్రాసినవారికి బహుమతి పోకూడదని, ప్రతి సమాధానానికి ప్రక్కన వివరణ కూడ వ్రాయాలని నియమం పెట్టాము. ఆ నియమం చూసి మేమే గర్వించాము.

పదునేడవ ఆధారం ఇది: 'లక్ష్మి తిరిగే యంత్రం (2)'.

మా సమాధానం మర. లక్ష్మికి రమ అని పేరు. రమ తిరిగితే మర, అనగా యంత్రం. మాటను తిరగవేయడం మనకు కొత్త కాదు. బోయవాడు మరా మరా అని జపించగా రామ నామం పుట్టి వాల్మీకి అయిన కథ తెలియనివారు ఎవరు? మర అన్నప్పుడు మా ఉర్దూ మిత్రుడు మాత్రం ముఖం చిట్లించాడు. వాళ్ళ భాషలో మర్ అంటే చావడం. శుభకార్యానికి పెట్టే నుడికట్టులో ఆ మాట ఎందుకన్నాడు. మేము వినలేదు.

ఆ రెండు గళ్ళు పటంలో ఎడమవైపు పై మూలలో ఉన్నవి. నుడికట్టులో అడ్డం మాటలు, నిలువు మాటలు ఒకదానినొకటి కోసుకొని పోవాలి. అప్పుడు ప్రతి అక్షరానికి ఇద్దరు సాక్షులు ఉంటారు. ఒక సాక్షి తడబడితే రెండవవాడు నిజం చెబుతాడు. మేము గీసిన కాగితం చాలలేదు. మూలన మిగిలిన చోటులో రెండు గళ్ళు ఒంటరిగా గీసి ఆ మాటను ఇరికించాము. దానిని ఏ నిలువు మాటా తాకలేదు. ఇది పటం తప్పు. దానికి ఆధారం తప్పు తోడయింది.

నలభైకి పైగా కాగితాలు వచ్చినవి. పరీక్షలు దగ్గరపడుతున్నందున ఒక రాత్రి కూర్చొని దిద్దాము. మా సమాధానాల పట్టిక ప్రక్కన పెట్టుకొని, గళ్ళు మాత్రమే చూస్తూ, ఎర్ర సిరాతో కొట్టుకొంటూ పోయాము. పద్ధెనిమిది సరిగా ఉన్న కాగితం ఒక్కటి దొరికింది. ఆ విద్యార్థికి నిఘంటువు ఇచ్చాము. పదిహేడు సరిగా ఉన్నది కూడ ఒకటి ఉన్నది. బోధన్ దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే మొదటి సంవత్సరపు తమ్మునిది. ఆయన ఆ రెండు గళ్ళలో మర బదులు రమ అని వ్రాశాడు. తిరగవేయడం మరచిపోయాడనుకొన్నాము. ఫలితాలు ప్రకటించిన రోజు ఆయన గోడపత్రిక ముందు చాలాసేపు నిలబడి చూసి వెళ్ళాడు. మమ్ములను ఏమీ అడుగలేదు.

ఈ సంవత్సరం క్రొత్తగా చేరినవారికి నల్లబల్ల మీద ఆధారాలు విప్పి చూపుతున్నాము. ఈ ఆధారమే వ్రాసి, రమ తిరిగితే మర అని చెప్పగానే వెనుక బల్ల నుంచి ఒక అమ్మాయి లేచి, 'మర తిరిగితే రమ ఎందుకు కాకూడదు?' అని అడిగింది. మేము నవ్వి సమాధానం చెప్పబోయి ఆగిపోయాము. సమాధానం లేదు.

'లక్ష్మి తిరిగే' అని ఒక ముక్కగా చదివితే మర. 'తిరిగే యంత్రం' అని ఒక ముక్కగా చదివితే రమ. తిరిగే అన్న మాట నడిమిట్ట నిలబడి రెండు వైపులా సమానంగా చూస్తున్నది. గడప మీద దీపం లోపలి గదికీ వెలుగిస్తుంది, బయటి అరుగుకూ వెలుగిస్తుంది. దేహళీదీప న్యాయమని మనవారు చెప్పినది కవిత్వంలో సొగసు, నుడికట్టులో దోషం. నిజానికి మన వ్యాకరణం రమకే మొగ్గు చూపుతుందేమో. తిరిగే అన్న విశేషణం తన తరువాతి మాటనే పట్టుకొంటుంది గదా. తిరిగే యంత్రం, అదే లక్ష్మి. ఎంత సహజంగా ఉన్నది! మా అభిమతమే సమాధానం కావాలంటే 'లక్ష్మి వెనుదిరిగితే మిగిలేది యంత్రం' అని వ్రాసి ఉండవలసినది. అంత చిన్న మార్పు.

ఆ సాయంకాలం పాత కట్ట విప్పి ఆ తమ్ముని కాగితం వెదికి తీశాము. ఎర్ర గీత క్రింద, వివరణ కోసం మేమే వదిలిన చోటులో, చిన్న అక్షరాలతో ఇట్లా ఉన్నది: 'మర తిరిగితే రమ. సీజన్ల మా ఇంట్ల అట్లనే ఉండేదని మా బాపు అంటడు.'

వివరణ వ్రాయమని నియమం పెట్టినది మేమే. ఒక్కరి వివరణ కూడ మేము చదువలేదు. నలుగురము ఆ కాగితం చుట్టూ కూర్చున్నాము. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. మహరమ్‌కు చుక్క పెట్టి ముజ్రిమ్ చేశామని ఉర్దూ మిత్రుడు ఒక్కడే అన్నాడు. ఈసారి నవ్వలేదు.

ఆయన ఈ సంవత్సరం కళాశాలకు రావడం లేదని విచారిస్తే తెలిసింది. మేము నలుగురము సొమ్ము పోగుచేసి అదే నిఘంటువు మరొక ప్రతి కొని, ఒక ఆదివారం బోధన్ బస్సు ఎక్కాము. బోధన్‌లో దిగి, ఆటోలో పల్లెకు చేరి అడిగితే, మోటారు పంపులు బాగుచేసే దుకాణం చూపారు. ఆయన గ్రీసు చేతులతో బయటికి వచ్చి మమ్ములను గుర్తుపట్టి, 'అన్నా, మీరు గిట్ల వచ్చిన్రేంది?' అన్నాడు. మేము వచ్చిన పని చెప్పాము. చెప్పడం మేము అనుకొన్నంత సులువుగా సాగలేదు. వాక్యాలు ముందే కూర్చుకొని పోయాము గాని ఒక్కటీ నోటికి రాలేదు. కాగితం తీసి ఇచ్చాము. ఆయన చూసి, 'నాకు అప్పుడే అనుమానం వచ్చింది. కని మీరు పెద్దోళ్ళు, మీకే ఎక్కువ తెలుస్తదనుకున్న' అన్నాడు.

ఆ మాటకు మా వద్ద బదులు లేదు. ఇంతలో ఆయన తండ్రి వచ్చాడు. ఒక చక్కెర మిల్లులో చాలా సంవత్సరాలు ఫిట్టరుగా పనిచేసినవాడట. ఏమి తగాదా అని అడిగితే ఆధారం చదివి వినిపించాము. రెండు సమాధానాలూ చెప్పాము. ఆయన రెండుసార్లు పెదవులు కదిపి, రమ, మర అనుకొని, 'రెండు అక్షరాలకేనా గింత దూరం వచ్చిన్రు?' అని ఆశ్చర్యపడ్డాడు. తరువాత నిఘంటువు అందుకొని, చేతులు తుడుచుకొని, మర అన్న మాట ఎక్కడుంటుందో చూపమన్నాడు. చూపాము. ఆ పంక్తి మీద వేలు పెట్టి చాలాసేపు చదివాడు. లోపలి నుంచి ఆమె, 'చాయ్ తాగి పోండ్రి బిడ్డా' అని పిలిచింది. మా ఉర్దూ మిత్రులను కూడ లోపలికి పిలిచి మంచం మీద కూర్చుండబెట్టి, చదువులు ఎక్కడిదాకా వచ్చినవని అడిగింది.

ఆయనను మళ్ళీ చదువుకు రమ్మని అడిగాము. వచ్చే సంవత్సరం చూద్దామన్నాడు. సీజను లేని రోజులలో దుకాణం విడువరాదట. బహుమతి పట్టికలో ఆయన పేరు చేర్చడానికి ప్రిన్సిపాలుగారి అనుమతి తీసుకొన్నాము. మొదటి బహుమతి పొందిన విద్యార్థికి కూడ సంగతి చెప్పాము. ఇద్దరి పేర్లు ప్రక్కప్రక్కన వ్రాయడానికి ఆయన సంతోషంగా అంగీకరించాడు.

బస్సు వచ్చేవరకు ఆ తమ్ముడు మాతో నిలబడ్డాడు. బస్సు కదలబోతుండగా కిటికీలో నుంచి ఒక చీటీ అందించాడు. అందులో ఒకే ఆధారం ఉన్నది. నిజామాబాదు బస్సుస్టాండు చేరేదాకా నలుగురము దానితో కుస్తీపట్టాము. దిగేటప్పుడు, మాలో పంటి నొప్పితో బాధపడుతున్నవాడు దవడ పట్టుకొని గట్టిగా నవ్వాడు. మిగిలినవారికి అప్పుడు తెలిసింది.

వచ్చే పక్షపు గోడపత్రికలో ఆ ఆధారమే మొదటిది. పటం మధ్యలో పెట్టాము. రెండు అక్షరాలనూ నిలువు మాటలు తాకుతున్నవి. పాఠక మిత్రుల కోసం ఇక్కడ కూడ ఇస్తున్నాము: 'నోటిలో నొప్పి, మర నమిలి ఉమిసినది (2)'. సమాధానాలు కుండ ప్రక్కనున్న పెట్టెలో వేయవలెను. వివరణ లేనివి స్వీకరింపబడవు. వివరణలు చదువబడును.